వెన్నునీటి సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది?

హైదరాబాద్‌లో నార్సింగి, కోకాపేట, మంచిరేవుల వైపు నరాల డాక్టరు గది బయట కూర్చున్నవాళ్లలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. మొదటివాడు ముప్పై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నైట్ షిఫ్టులు, లెక్కలేనన్ని కాఫీలు, నిద్ర అంతంతమాత్రం. కొన్ని వారాలుగా పిక్కలో కండ అదురుతోంది. కన్నదిరితే శుభమో అశుభమో అమ్మమ్మ చెప్పేది. పిక్క అదిరితే ఫోను చెబుతుంది, అదీ మూడో వాక్యంలోనే ‘ఏ.ఎల్.ఎస్.’ అంటుంది. రెండో మనిషి ఊరినుంచి కొడుకు ఫ్లాట్‌కి వచ్చిన తండ్రి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాడు, నడుస్తుంటే చెప్పు కాలినుంచి జారిపోతోంది. మెడ ఎం.ఆర్.ఐ.లో ఎముకల అరుగుదల కనబడింది కాబట్టి ఆపరేషన్ చేయించేద్దామా అని ఇంట్లో చర్చ. మొదటివాడికి జబ్బు లేదు, భయం ఉంది. రెండో ఆయనకి జబ్బు ఉండొచ్చు, కానీ ఆ అనుమానం ఇంకా ఎవరికీ రాలేదు.

వెన్నులోంచి కాస్త నీరు తీసి పరీక్షిస్తే ఈ ఇద్దరి సంగతీ తేలిపోతుందా? ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్న చుట్టూ ప్రపంచమంతా పరిశోధన సాగుతోంది. అందులో ఏది నిలబడింది, ఏది నిలబడలేదు, తెలుగువాళ్ల దగ్గరికొచ్చేసరికి ఏది మళ్లీ తూచి చూసుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

మోటార్ న్యూరాన్ వ్యాధిలో (ఎం.ఎన్.డి.) మెదడునుంచి వెన్నుపాముకీ, అక్కణ్నుంచి కండరాలకీ ఆజ్ఞలు మోసే నాడీకణాలు చచ్చిపోతాయి. అందులో ఎక్కువగా కనబడే రూపం ఏ.ఎల్.ఎస్. పారిస్‌లో షార్కో 1869లో దీన్ని వర్ణించాడు, 1874లో పేరు పెట్టాడు. స్పర్శ పోదు, చూపు పోదు. చెయ్యి, కాలు, నాలుక, చివరికి ఊపిరి తీసే కండరాలు ఒక్కొక్కటే లొంగిపోతాయి. పాశ్చాత్య దేశాల లెక్కల్లో లక్షణం మొదలైన మూడు నుంచి ఐదేళ్లలో సగానికి పైగా రోగులు పోతారు. 1963లో ఈ జబ్బని తేలాక కూడా 2018 దాకా బతికిన స్టీఫెన్ హాకింగ్‌ని అందరూ ఉదాహరణగా చెబుతారు గానీ, ఆయన ఒక మినహాయింపు మాత్రమే.

లక్షణం మొదలైన నాటికీ డాక్టరు జబ్బు పేరు చెప్పే నాటికీ మధ్య, నాడీ వైద్యులు దండిగా ఉన్న దేశాల్లోనే, సుమారు ఏడాది గడుస్తోంది. కారణం, పేరు తేల్చే పరీక్ష ఒక్కటీ లేకపోవడం. స్పెయిన్‌లోని ఎల్ ఎస్కోరియల్ పేరు మీద 1994లో వచ్చిన ప్రమాణాలు, 2008 నాటి అవాజీ ప్రమాణాలు, 2020లో అచ్చయిన గోల్డ్ కోస్ట్ ప్రమాణాలు, మూడూ డాక్టరు చేతి సుత్తినీ, కండలో సూది గుచ్చి చేసే ఈ.ఎం.జి.నీ నమ్ముకున్నవే. పై నాడీకణాలు దెబ్బతిన్న గుర్తులు, కింది నాడీకణాలు దెబ్బతిన్న గుర్తులు, రోజురోజుకీ ముదరడం, వేరే జబ్బు కాదని తేలడం: ఇవే ఆధారాలు. జబ్బు ఉందని చెప్పడానికి వెన్నునీటి పరీక్షని ఏ ప్రమాణమూ తప్పనిసరి చేయలేదు. ఇంత పరిశోధన జరిగాక కూడా చేయలేదంటే దానికి కారణం ఉండాలి కదా.

వెన్నునీరు అంటే సెరిబ్రోస్పైనల్ ఫ్లూయిడ్. పెద్దవాళ్లలో ఏ సమయంలో చూసినా సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకి అరలీటరు దాకా కొత్తగా ఊరుతుంది, అంటే రోజులో మూడు నాలుగుసార్లు మారిపోతుంది. మెదడు, వెన్నుపాము రెండూ అందులోనే మునిగి ఉంటాయి కాబట్టి అక్కడ కణాలు చచ్చినా, మంట పుట్టినా ఆనవాళ్లు ముందు ఈ నీటిలోకే దిగుతాయి. జర్మన్ వైద్యుడు క్విన్‌కె 1891లో నడుము దగ్గర సూదితో దీన్ని తీసే పద్ధతి చూపించాడు. వెన్నులో సూది వేస్తే కాళ్లు పడిపోతాయన్న భయం మన ఇళ్లలో ఇప్పటికీ బలంగా ఉంది. కానీ వెన్నుపాము నడుము పైభాగంలో, మొదటి రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. సూది గుచ్చేది దానికింద, మూడో నాలుగో పూసల మధ్యనో నాలుగో ఐదో పూసల మధ్యనో. తర్వాత కొందరికి రెండు మూడు రోజులు తలనొప్పి రావడం మాత్రం నిజం. పొరని కోయకుండా దాని పోగుల్ని పక్కకి జరిపే సన్నసూదులు వాడితే అదీ తగ్గుతుంది.

మామూలు వెన్నునీటి పరీక్షకి, అంటే కణాల లెక్క, ప్రోటీను, చక్కెర చూడటానికి, ఈ జబ్బులో ఒకటే పని: వేరేదేమీ లేదని చూపించడం. ఏ.ఎల్.ఎస్.లో అవన్నీ దాదాపు మామూలుగానే ఉంటాయి. ప్రోటీను కొంచెం పెరగొచ్చు. కణాలు గుంపుగా కనబడినా, ప్రోటీను బాగా ఎక్కువైనా డాక్టరు ఇన్‌ఫెక్షన్ గురించో, లింఫోమా గురించో, నరాల పొర దెబ్బతినే జబ్బు గురించో ఆలోచించాలి. చికిత్స ఉన్న జబ్బుని వదిలేయకుండా ఉండేందుకు చేసే ఈ పాత పరీక్ష విలువ ఈనాటికీ తగ్గలేదు. బయోమార్కర్ల సందడిలో దీన్ని చిన్నచూపు చూడటం మంచిది కాదు.

ఇక బయోమార్కర్లు. రెండువేల తర్వాతి తొలి పదేళ్లలో ప్రోటియోమిక్స్ యంత్రాలు రాగానే వెన్నునీటిలోని వందల ప్రోటీన్లని ఒకేసారి జల్లెడపట్టారు. సిస్టాటిన్ సి తగ్గిందన్నారు, టావ్ పెరిగిందన్నారు, మంట సూచించే ఎం.సి.పి.-1 ఎక్కువన్నారు. ఒక ప్రయోగశాలలో గట్టిగా కనిపించినవి ఇంకో ప్రయోగశాలకి వెళ్లేసరికి పలచబడ్డాయి. ఈ వరదలో నిలిచినది ఒకటే, న్యూరోఫిలమెంట్.

నాడీకణం నుంచి కండదాకా సాగే తీగ కొన్ని చోట్ల మీటరు పొడవు ఉంటుంది. దాని లోపలి చట్రం న్యూరోఫిలమెంట్లతో కట్టింది. అందులో తేలికది ఎన్.ఎఫ్.ఎల్., బరువైనది ఎన్.ఎఫ్.హెచ్. బరువైనదాని ఫాస్ఫేట్ తగిలించిన రూపం పి.ఎన్.ఎఫ్.హెచ్. తీగ తెగితే చట్రం ముక్కలు వెన్నునీటిలోకి వస్తాయి. కోకాపేటలో పాత ఇల్లు కూలగొడితే రోడ్డు మీద ఇటుక ముక్కలు పడతాయి. ఇల్లు కూలిందని, ఎంత జోరుగా కూలుతోందో కూడా ఆ ముక్కలు చెబుతాయి. కూల్చింది ఎవరో చెప్పవు. ఈ పరీక్షకున్న బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

ఏ.ఎల్.ఎస్. రోగుల వెన్నునీటిలో ఎన్.ఎఫ్.ఎల్. బాగా పెరుగుతుందని 1996లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ బృందం చెప్పింది. రోగనిర్ధారణకి ఇది ఎంత పనికొస్తుందో తూచిన అధ్యయనాల్లో జర్మనీలోని ఉల్మ్ బృందం 455 మందిపై చేసి 2016లో అచ్చువేసినది ముఖ్యమైనది. మిల్లీలీటరుకి 2200 పికోగ్రాములని గీత గీస్తే ఎన్.ఎఫ్.ఎల్. నూరుమంది రోగుల్లో 77 మందిని పట్టింది. రోగం లేని నూరుమందిలో 85 మందిని సరిగ్గా వదిలింది. 560 పికోగ్రాముల గీతతో పి.ఎన్.ఎఫ్.హెచ్. 83 మందిని పట్టి, 77 మందిని వదిలింది. అనుమానం బలంగా ఉన్నచోట ఇవి మంచి అంకెలే.

అనుమానం బలంగా లేనిచోట ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. పెద్ద నాడీ వైద్య కేంద్రానికి ‘ఇది ఎం.ఎన్.డి.నా?’ అన్న ప్రశ్నతో నూరుమంది వచ్చారు, నిజంగా ఉన్నది యాభైమందికి అనుకుందాం. పై గీతతో ఎన్.ఎఫ్.ఎల్. 38, 39 మందిని సరిగ్గా పట్టి, ఏడెనిమిది మందిని అనవసరంగా భయపెడుతుంది. ఆ తప్పుని భరించవచ్చు. ఇప్పుడు ఐ.టి. కారిడార్‌లో కండ అదురుతోందని పరీక్షకి వచ్చిన వెయ్యిమందిని తీసుకుందాం. అందులో జబ్బున్నవాడు ఒక్కడు ఉన్నాడనుకున్నా, అతను దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. మిగతా 999 మందిలో దాదాపు 150 మందికి మాత్రం రిపోర్టు ‘ఎక్కువ’ అనే వస్తుంది. పరీక్ష మారలేదు, యంత్రం మారలేదు, అడిగిన మనుషులు మారారు. బలహీనత లేకుండా, కండ కరగకుండా ఊరికే అదిరే కండకి ఈ పరీక్ష చేయించడం డబ్బు దండగ ఒక్కటే కాదు, మనిషికి కొత్త జబ్బు అంటించడం కూడా. నా దృష్టిలో మొదటి రకం మనిషి ప్రశ్న ఇక్కడితో ముగిసింది: నరాల డాక్టరు ఒకసారి కండబలం చూసి, సుత్తితో మోకాలు తట్టి, అవసరమనుకుంటే ఈ.ఎం.జి. చేసి పంపించేస్తే చాలు.

రెండో మనిషి విషయం అంత తేలిక కాదు. ఎన్.ఎఫ్.ఎల్. గీతలు ఎక్కువగా యూరప్ రోగులమీద గీసినవి. అక్కడ జబ్బు మొదలయ్యే సగటు వయసు అరవై దాటి ఉంటుంది. మన దక్షిణాదిలో ఈ వ్యాధి ముఖం కొంత వేరు. బెంగళూరు నిమ్హాన్స్ ముప్పై ఏళ్లలో చూసిన 1153 మంది ఏ.ఎల్.ఎస్. రోగుల లెక్కని డాక్టర్ నళిని బృందం 2008లో ప్రచురించింది. జబ్బు మొదలైన సగటు వయసు 46. లక్షణం మొదలయ్యాక మధ్యస్థ జీవితకాలం 114 నెలల పైన, అంటే తొమ్మిదేళ్లు దాటి. పెద్దాసుపత్రి దాకా రాగలిగినవాళ్ల లెక్క కాబట్టి ఆ అంకె కాస్త పెద్దదిగా కనిపించి ఉండొచ్చు. అయినా తేడా కొట్టిపారేసేంత చిన్నది కాదు. ఎన్.ఎఫ్.ఎల్. వయసుతో మామూలుగానే పెరుగుతుంది. జబ్బులో తీగలు ఎంత వేగంగా తెగుతుంటే అంత పెరుగుతుంది. నలభైల్లో మొదలై, నెమ్మదిగా ముదిరే మన రోగిలో అది జర్మన్ గీతకి కిందే ఉండిపోయే అవకాశం ఉంది. అలాంటప్పుడు ‘నార్మల్’ అన్న రిపోర్టు చూసి ఎం.ఎన్.డి. కాదని ఇంటికి పంపడం ప్రమాదం.

ఇంకో చిక్కు, యూరప్‌లో పెద్దగా కనబడని రూపాలు. మద్రాసులో మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి 1970లో వర్ణించిన ‘మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్’ వాటిలో ముఖ్యమైనది. ముప్పై లోపు వయసులో మొదలవుతుంది. చేతులు కాళ్లు సన్నబడతాయి, ముఖం, నాలుక బలహీనపడతాయి, చెవులు వినబడవు. నెమ్మదిగా, దశాబ్దాలపాటు సాగుతుంది. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర ప్రాంతాలవాళ్లే ఇందులో ఎక్కువ. 1971 నుంచి 2007 మధ్య నిమ్హాన్స్ 116 మందిని నమోదు చేసింది. ఒక చెయ్యి మాత్రమే సన్నబడి కొన్నేళ్లకి ఆగిపోయే జబ్బుకి, జపాన్‌లో హిరయామా జబ్బుగా పేరున్నదానికి, ‘మోనోమెలిక్ అమయోట్రఫీ’ అని డాక్టర్ గౌరీదేవి 1984లో బెంగళూరునుంచే పేరు పెట్టారు. ఇవి ఏ.ఎల్.ఎస్. లాంటి ప్రాణాంతక జబ్బులు కావు. వీటికి వెన్నునీటి గీత ఎక్కడ గీయాలో యూరప్ అధ్యయనం చెప్పలేదు.

వీటికి తోడు మన నేల సొంత మారువేషాలు ఉన్నాయి. ఫ్లోరోసిస్ గురించి 1937లో షార్ట్, ఆయన సహచరులు రాసినది నాటి నెల్లూరు జిల్లా రోగుల గురించే. తర్వాత నల్లగొండ పేరు దేశమంతా వినబడింది. ఫ్లోరైడ్ పేరుకుని వెన్నెముక లిగమెంట్లు గట్టిపడి మెడ దగ్గర వెన్నుపాముని నొక్కుతాయి. చేతి కండ సన్నబడుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి, పైకి చూస్తే అచ్చం ఏ.ఎల్.ఎస్. హైదరాబాద్ నిమ్స్‌కి డైరెక్టరుగా చేసిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ ఫ్లోరోసిస్ నరాల జబ్బుమీద ఏళ్లతరబడి పనిచేశారు. ఇక్కడ ఎక్స్-రే, ఎం.ఆర్.ఐ., స్పర్శ తగ్గిందేమో చూడటం అసలు పరీక్షలు. వెన్నుపాము గట్టిగా నలిగిపోతుంటే ఎన్.ఎఫ్.ఎల్. అందులోనూ పెరుగుతుంది కాబట్టి ఒక్క అంకె పట్టుకుని రెండింటినీ విడదీయలేం.

ఖేసరి పప్పువల్ల వచ్చే లాథిరిజం ఇంకొకటి. కాళ్లు బిగుసుకుపోతాయి, చేతులు సాధారణంగా సన్నబడవు, పప్పు మానేస్తే ముదరదు. ఆ పప్పులోని విషాన్ని 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో వేరుచేసిన ముగ్గురిలో ఎస్.ఎల్.ఎన్. రావు ఒకరు. ఆయన తర్వాత ఉస్మానియాలో బయోకెమిస్ట్రీ ప్రొఫెసరయ్యారు. మోటార్ నాడీకణాన్ని ఒక రసాయనం ఎలా చంపుతుందో ప్రపంచం నేర్చుకున్న పాఠాల్లో అది ఒకటి.

వెన్నునీటి విషయంలో కూడా దక్షిణాది చేసినది తక్కువేమీ కాదు. ఎం.ఎన్.డి. రోగుల వెన్నునీటిని పసి ఎలుకలకి ఎక్కిస్తే వాటి వెన్నుపాములో న్యూరోఫిలమెంట్లు గుట్టలుగా పేరుకుంటాయని నిమ్హాన్స్‌లో టి.ఆర్. రాజు బృందం 1995లో చూపించింది. అంటే ఆ నీరు సాక్షి మాత్రమే కాకపోవచ్చు, నేరంలో భాగస్వామీ అయి ఉండొచ్చు. అదే నిమ్హాన్స్, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్‌ఫర్మేటిక్స్‌తో కలిసి 2013లో కైటోట్రయోసిడేజ్ అనే ఎంజైమ్ ఏ.ఎల్.ఎస్. రోగుల వెన్నునీటిలో ఎక్కువగా ఉంటుందని చెప్పింది. చెత్త ఊడ్చే మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోయినప్పుడు వదిలే ఎంజైమ్ ఇది. తర్వాత యూరప్‌లోనూ అదే ఫలితం వచ్చింది. నాకు ఇది విలువైన పని అనిపిస్తుంది. ఐతే దానికి ఓ గడుసు చిక్కుంది. ఆ ఎంజైమ్ జన్యువులో 24 అక్షరాల ముక్క రెండుసార్లు పడినవాళ్లు కొందరుంటారు. తల్లి తండ్రి ఇద్దరి వైపునుంచీ అలాగే వస్తే శరీరంలో ఆ ఎంజైమ్ తయారే కాదు. జబ్బు ఎంత ముదిరినా రిపోర్టులో సున్నానే. దక్షిణ భారతంలో ఈ జన్యు మార్పు అరుదు కాదు. కాబట్టి జన్యువు చూడకుండా ఎంజైమ్ అంకె చదివితే పొరబడతాం.

జబ్బు అసలు కారణానికి దగ్గరగా వెళ్లే ప్రయత్నం ఇంకోవైపు సాగుతోంది. నూటికి 97 మంది ఏ.ఎల్.ఎస్. రోగుల నాడీకణాల్లో టి.డి.పి.-43 అనే ప్రోటీను కేంద్రకంలోంచి బయటకొచ్చి గడ్డకడుతుంది. 2006లో ఈ సంగతి బయటపడినప్పటినుంచి దీన్ని వెన్నునీటిలో పట్టాలని అందరి ఆశ. మామూలు టి.డి.పి.-43 కూడా అక్కడే తిరుగుతుంటుంది కాబట్టి మొత్తం ఎంతుందో కొలిస్తే లాభం లేకపోయింది. 2024లో జాన్స్ హాప్కిన్స్ బృందం వేరే దారి ఎంచుకుంది. టి.డి.పి.-43 కేంద్రకం వదిలి వెళ్తే, అది అణచి ఉంచాల్సిన చెత్త జన్యుముక్కలు ప్రోటీన్లలోకి చొరబడతాయి. అలా చొరబడిన హెచ్.డి.జి.ఎఫ్.ఎల్.2 ప్రోటీనుని వాళ్లు వెన్నునీటిలో పట్టారు, కొందరిలో లక్షణాలు రాకముందే. నిర్ధారణ పరీక్షగా ఇది ఇంకా పసిపిల్ల. నేను పందెం కాస్తే మాత్రం దీనిమీదే కాస్తాను, ఎందుకంటే ఇది కూలిన తీగని గాక కూల్చినదాన్ని చూపిస్తుంది. సి9ఆర్ఫ్72 జన్యు మార్పువల్ల పుట్టే పాలీ-జి.పి. ప్రోటీను కొలత కూడా ఈ కోవదే, కానీ ఆ మార్పు మన రోగుల్లో యూరప్ కంటే తక్కువ.

న్యూరోఫిలమెంట్ నిజమైన గెలుపు రోగనిర్ధారణలో కంటే మందుల పరీక్షల్లో వచ్చింది. ఎస్.ఓ.డి.1 జన్యుదోషం ఉన్న, మొత్తం రోగుల్లో రెండు శాతం వరకు ఉండే కొద్దిమందికి టోఫెర్సెన్ అనే మందు వెన్నులోకే ఎక్కిస్తారు. 108 మందితో చేసిన పరీక్షలో 28 వారాలకి నడక, మింగడం వంటి పనుల స్కోరులో తేడా గణాంకపరంగా రుజువు కాలేదు. కానీ వెన్నునీటిలో ఎస్.ఓ.డి.1 ప్రోటీను, రక్తంలో ఎన్.ఎఫ్.ఎల్. రెండూ దిగాయి. ఆ ఎన్.ఎఫ్.ఎల్. తగ్గుదలనే ఆధారం చేసుకుని 2023 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్.డి.ఏ. త్వరిత అనుమతి ఇచ్చింది. ఎస్.ఓ.డి.1 దోషం మోస్తున్నవాళ్లలో లక్షణానికి సుమారు ఏడాది ముందునుంచే ఎన్.ఎఫ్.ఎల్. ఎక్కడం మొదలవుతుందని కూడా తేలింది. కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు వచ్చిన ఇంట జన్యు పరీక్ష చేయించడానికి ఇప్పుడు అర్థముంది.

పైగా అతిసున్నిత యంత్రాలు వచ్చాక ఎన్.ఎఫ్.ఎల్.ని రక్తంలోనే కొలుస్తున్నారు, అది వెన్నునీటి అంకెతో బాగానే కలుస్తోంది. ఈ ఒక్క ప్రోటీను కోసమే అయితే వెన్నులో సూది అక్కర్లేదనే రోజు దాదాపు వచ్చేసింది. వెన్నునీరు ఇక వేరే జబ్బులని తోసిపుచ్చడానికీ, టి.డి.పి.-43 జాడల వంటి కొత్త గుర్తులకీ, పరిశోధనకీ మిగులుతుంది.

నా తీర్పు ఇది. వెన్నునీటి న్యూరోఫిలమెంట్ ఎం.ఎన్.డి. పేరు చెప్పే పరీక్ష కాదు. సుత్తి, ఈ.ఎం.జి., ఎం.ఆర్.ఐ. చూశాక కూడా డాక్టరు మనసులో ఊగిసలాట మిగిలితే, దాన్ని ఒకవైపు మొగ్గేలా చేసే బరువు మాత్రమే. ఆ బరువు మన రోగులకి ఎంతో కొలవాలంటే నిమ్స్, నిమ్హాన్స్ వంటి సంస్థలు కలిసి దక్షిణాది వయసులవారీగా గీతలు గీయాలి. మద్రాస్ రూపం, హిరయామా, ఫ్లోరోసిస్ రోగులని పోలిక గుంపులో తప్పకుండా చేర్చాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు దీనికి డబ్బివ్వడం పెద్ద భారం కాదు.

పాఠకుడికి చెప్పాల్సింది రెండే. గుండీ పెట్టుకోలేక, చెప్పు జారిపోతూ, నెలనెలా బలం తగ్గుతున్న పెద్దవాళ్లుంటే మెడ ఆపరేషన్‌కి తేదీ తీసుకోకముందే నాడీ వైద్యుడికి చూపించి ఈ.ఎం.జి. చేయించండి. ఏ హెల్త్ ప్యాకేజీలోనైనా న్యూరోఫిలమెంట్ పేరు కనబడితే, ఆ అంకె ఎక్కువైనా తక్కువైనా నా చికిత్సలో ఏం మారుతుందని డాక్టరుని అడగండి. ఏమీ మారదంటే ఆ పరీక్ష చేయించుకోకండి.